శరీరము వెలుపల కామెర్ల వైరసులు ఎంతకాలము నిలుచును?

పచ్చకామెర్ల వానికి లోకమంతయు పచ్చగా కనబడునని సామెత. ఇది మాటకు చక్కని సామెతయే గాని వైద్యమునకు సరిపడదు. పచ్చబడునవి రోగి కన్నులు. లోకము అతనికి మునుపటివలెనే కనబడును. వానిని చూచువారికే అతడు పచ్చగా కనబడును. పాతబడిన ఎఱ్ఱ రక్తకణములు నశించునపుడు బిలిరూబిన్ అను పసుపువన్నె పదార్థము పుట్టును. దానిని రక్తమునుండి తీసివేసి పిత్తరసముతో పేగులలోనికి పంపుట కాలేయము పని. కాలేయము వాచినపుడు ఈ పని కుంటుపడి, ఆ పసుపు రక్తములో నిలిచి, కన్నులకును చర్మమునకును ఎక్కును. కావున కామెర్లు రోగము కాదు, రోగపు గుర్తు. దాని వెనుక కారణములు పలు విధములుగా ఉండవచ్చును గాని, వానిలో ముఖ్యమైనవి కాలేయమును పట్టు అయిదు వైరసులు. శాస్త్రజ్ఞులు వీనికి ఎ, బి, సి, డి, ఇ అని పేర్లు పెట్టినారు.

ఇంటిలో ఒకరికి కామెర్లు వచ్చినపుడు తక్కినవారికి తోచు మొదటి ప్రశ్న ఇదే: అతడు త్రాగిన గ్లాసు, వాడిన తువాలు, మంగలికత్తి, సూది ఎన్నాళ్ల వరకు ప్రమాదకరములు? దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. ఈ అయిదు వైరసులకును పేరులో పోలికయే గాని పుట్టుకలో చుట్టరికము లేదు. ఒకటి ఎండిన మలములో నెల దినములు నిలుచును. వేరొకటి ఎండిన రక్తపు మరకలో వారము దాటినను చావదు.

ముందుగా వైరసు "బ్రతికియుండుట" అనగా ఏమో తెలిసికొనవలెను. బాక్టీరియాలు తిండి తినును, పెరుగును, రెండుగా చీలును. కాచి చల్లార్చిన పాలలో పడిన ఒక బాక్టీరియా తెల్లవారునప్పటికి లక్షలు కావచ్చును. వైరసు అట్లు కాదు. జీవకణము వెలుపల అది తినదు, కదలదు, ఒకటి రెండు కాదు. గాదెలోని వడ్లగింజవలె ఊరక పడియుండును. గింజకు మొలకెత్తు శక్తి ఉన్నంతవరకు దానిలో ప్రాణమున్నట్లే; వైరసుకు కణములో ప్రవేశించి వృద్ధిపొందు శక్తి ఉన్నంతవరకు అది బ్రతికియున్నట్లే. ఎండకును తేమకును గింజలు ఒక్కొక్కటిగా మొలకశక్తిని కోల్పోవునట్లు, బయట పడిన వైరసులు కూడ ఒక్కసారిగా గాక క్రమముగా నశించును. కనుక "ఇన్ని దినములు నిలుచును" అను మాటకు అర్థము, అన్ని దినముల తరువాత కూడ రోగము కలిగింప చాలినన్ని మిగిలియున్నవని మాత్రమే. మొదట పదివేలు ఉన్నచోట మిగులువానికిని, పదికోట్లు ఉన్నచోట మిగులువానికిని భేదము ఎంతయో ఉండును.

ఈ పోలికను ఇంకొక అడుగు ముందుకు తీసికొనిపోవచ్చును. విత్తనములు కొనిన రైతు వానిని లెక్కపెట్టి ఊరకుండడు. గుప్పెడు గింజలు తడిగుడ్డలో మూటగట్టి ఎన్ని మొలచునో చూచును. వైరసుల విషయములోను ఈ రెండు విధములైన పరీక్షలు కలవు. నేటి ప్రయోగశాలలలో వైరసు జన్యుపదార్థమును లెక్కించుట సులభము. కాని ఆ లెక్క గింజలను లెక్కపెట్టుటవంటిది. చచ్చిన వైరసులోని జన్యుపదార్థము కూడ అందులో చేరును. మొలక పరీక్షకు సమానమైనది వైరసును జీవకణములలోనో, రోగము పట్టు జంతువులోనో ప్రవేశపెట్టి చూచుట. బి, సి వైరసులు చాలకాలము ప్రయోగశాలలోని కణములలో పెరుగ నిరాకరించినవి. మనుష్యుని వలె వీనికి లొంగు జంతువు చింపాంజీ ఒక్కటియే. అందుచేత ఈ విషయమున లభించిన తొలి నిజములు కొద్దిపాటి చింపాంజీల మీద జరిగిన ప్రయోగములనుండి వచ్చినవే.

ఇక వైరసు కట్టుబడి సంగతి. ఎ వైరసు అడ్డుకొలత సుమారు 27 నానోమీటర్లు. అనగా ఒక మిల్లీమీటరు పొడవున వానిని వరుసగా పేర్చినచో 37 వేలు పట్టును. దాని నడుమ ఆర్.ఎన్.ఏ. పోగు, చుట్టును మాంసకృత్తులతో చేసిన గట్టి పెంకు ఉండును. ఇ వైరసు కట్టడము కూడ ఇట్టిదే. బి, సి, డి వైరసులకు ఈ పెంకు పైన కొవ్వుతో కూడిన మెత్తని పొర ఒకటి ఉండును. సబ్బు, స్పిరిటు, ఈథరు వంటివి కొవ్వును కరగించును గాన పొర గల వైరసులు వానికి తేలికగా లొంగును. పొర లేనివి అంత తేలికగా లొంగవు.

ఇక్కడ ఒక చిత్రమున్నది. ఎ, ఇ వైరసులు సైతము రక్తములో తిరుగునపుడు కణమునుండి తీసికొనిన కొవ్వు పొరను కప్పుకొనియే ఉండునని ఇటీవల తెలిసినది. కాలేయమునుండి అవి పిత్తవాహికలలోనికి దిగును. పిత్తరసము పని కొవ్వును విడగొట్టుట గదా! ఆ రసములో వాని పొర కరగిపోయి, గట్టి పెంకుతో మాత్రమే పేగులలో పడి, మలముతో వెలుపలికి వచ్చును. పొర పోయినను రోగము కలిగించు శక్తి పోలేదు గనుక మురుగునీటిలోను, మన్నులోను, చేతివ్రేళ్లమీదను ప్రయాణము చేయగలవు. బి, సి వైరసులకు పొరయే ప్రాణము. అది పోయినచో కణములో ప్రవేశించు తాళపుచెవి పోయినట్లే. అందుకే అవి రక్తమును అంటిపెట్టుకొని తిరుగును గాని నీటివెంట, అన్నమువెంట రావు. కామెర్ల రోగితో కలసి భోజనము చేయవచ్చునా అను ప్రశ్నకు జవాబు, ఆ కామెర్లు ఏ వైరసు వలన వచ్చినవో తెలియనిదే చెప్పుటకు వీలులేకపోవుటకు కారణమిదే.

నీటిలో ఈ వైరసులు ఎంత మొండివో మన దేశమునకు తెలియజెప్పినది ఢిల్లీ నగరము. 1955వ సంవత్సరము శరదృతువులో యమునానదికి పెద్ద వరద వచ్చెను. వరద తీసిన తరువాత నదిపాయ దారి మారెను. నగరపు మురుగును తెచ్చి నదిలో కలుపు నజఫ్‌గఢ్ కాలువ, వజీరాబాదు వద్ద త్రాగునీరు తోడు చోటికి దిగువన ఉన్నది. నవంబరు నెలలో కొన్ని దినములపాటు ఆ మురుగు వెనుకకు పారి నీరు తోడు చోటికి చేరెను. నీటిశాఖవారు దీనిని గమనింపకపోలేదు. నీటిలో పటికను, క్లోరినును పెంచిరి. వారి శ్రమ వ్యర్థము కాలేదు కూడ; మురుగు కలసిన నీటివలన రావలసిన టైఫాయిడు, రక్తవిరేచనములు నగరములో చెప్పుకొనదగినంతగా పెరుగలేదు. బాక్టీరియాలు చచ్చినవి. నగరము ఊపిరి పీల్చుకొనెను.

డిసెంబరు మొదటివారము వచ్చునప్పటికి కామెర్లు మొదలాయెను. జనవరి కడపటికి సుమారు 29,300 మందికి కన్నులు పచ్చబడినవి. మురుగు కలసిన దినములకును రోగము విజృంభించిన దినములకును నడుమ ఉన్న అయిదారు వారములు, వైరసు శరీరములో పొంచియుండు కాలమునకు సరిగా సరిపోయెను. ఆ నీటిలో క్లోరిన్ బాక్టీరియాలను చంపినది గాని ఈ వైరసును చంపలేకపోయినది. బురదనీటిలోని సేంద్రియ పదార్థము క్లోరినులో అధికభాగమును తానే తినివేయును. మట్టిరేణువుల లోపల దాగిన వైరసు దానికి చిక్కదు. నీరు శుభ్రమైనదనుటకు అప్పుడు చూచు గుర్తు బాక్టీరియాల లెక్కయే గావున, ఆ లెక్క సరిగా ఉన్నను నీరు ప్రమాదకరము కావచ్చునని అందరికిని తెలిసివచ్చినది.

ఆనాడు ఇది ఎ వైరసు పనియే అనుకొనిరి. కాని మన దేశములో ఎ వైరసు పసితనముననే అందరికిని సోకి, తిరిగి రాకుండ రక్షణ మిగిల్చిపోవుట పరిపాటి. పెద్దవారు ఇన్ని వేలమంది పడిపోవుటయు, వారిలో గర్భవతులు ఎక్కువగా మరణించుటయు ఆ ఊహకు సరిపడలేదు. భద్రపరచియుంచిన రక్తనమూనాలను చాల ఏండ్ల తరువాత పరీక్షించగా ఆ రోగము ఎ గాని, బి గాని కాదని తేలెను. 1983లో సోవియట్ శాస్త్రజ్ఞుడు మిఖాయిల్ బలయాన్ ఆఫ్ఘనిస్థానములోని సైనిక రోగుల మలమునుండి తీసిన ద్రవమును తానే మ్రింగి, కామెర్లు తెచ్చుకొని, తన మలములో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని క్రింద కొత్త వైరసును చూచెను. అదియే ఇ వైరసు. ఇట్టి సాహసమును శాస్త్రచరిత్ర మెచ్చుకొనునేమో గాని విద్యార్థులకు ఆదర్శముగా చూపదగినది కాదు.

ఎ వైరసును గూర్చి ఎక్కువ కొలతలు లభించినవి. దానిని 1973లో అమెరికాలో ఫైన్‌స్టోన్, కపికియన్, పర్సెల్ అనువారు మొదట చూచిరి. వైరసు గల మలమును ఎండబెట్టి, 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద నెలదినములు ఉంచిన తరువాత కూడ దానిలో రోగము కలిగించు శక్తి మిగిలియుండెను. చేతివ్రేళ్లకు అంటించి చూడగా, నాలుగు గంటల తరువాత నూటికి 16 మొదలు 30 వంతుల వైరసు జీవించియే ఉండెను. మరుగుదొడ్డికి పోయి చేయి కడుగని వంటవాడు ఉదయము అంటించుకొనిన వైరసు మధ్యాహ్నపు బంతివరకు నిలుచునని దీని అర్థము.

స్టీలు పళ్లెములమీద చేసిన పరీక్షలలో ఒక విశేషము తేలినది. గాలిలో తేమ తక్కువగాను, 5 డిగ్రీల చలిలోను ఉంచినచో ఈ వైరసు సగమగుటకు వారముకంటె ఎక్కువకాలము పట్టెను. తేమ మిక్కిలి ఎక్కువగా, 35 డిగ్రీల వేడిమిలో ఉంచినచో సుమారు రెండు గంటలలోనే సగమాయెను. కోస్తా జిల్లాల వేసవి ఉక్కపోత మనుష్యులకు ఎంత బాధయో ఈ వైరసుకును అంత బాధయే యన్నమాట. కాని దానికి ఊరటగా మంచుపెట్టెలు ఉన్నవి. గడ్డకట్టుట ఎ వైరసును చంపదు, భద్రపరచును. మురుగుసోకిన నీటితో చేసిన మంచుగడ్డ, గోలీసోడాలో వేసినను, చెరకురసములో వేసినను, కరగునపుడు తనలోని వైరసును చెక్కుచెదరకుండ ఒప్పగించును. జీర్ణాశయములోని ఆమ్లము సైతము దీనిని ఏమియు చేయలేదు.

వేడి మాత్రము దీనికి శత్రువే, కాని నులివెచ్చని వేడి కాదు. 60 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచినను కొంత మిగులును. 85 డిగ్రీల వద్ద ఒక నిమిషము చాలును. ఈ భేదమును లెక్కచేయనందువలన 1988లో చైనాలోని షాంఘై నగరములో సుమారు మూడు లక్షలమందికి కామెర్లు వచ్చినవి. అక్కడివారు ఒక జాతి గుల్లచేపలను వేడినీటిలో ముంచి, పెంకు విచ్చుకొనగానే తినుట అలవాటు. గుల్లచేప గంటల తరబడి నీటిని వడగట్టి ఆహారము గ్రహించును గనుక, మురుగు కలసిన నీటిలోని వైరసు దాని ఒంటిలో పోగుపడును. పెంకు విచ్చుకొనుట ఉడికినదనుటకు గుర్తు కాదు. లోపలి మాంసము 90 డిగ్రీల వేడిని ఒకటిన్నర నిమిషమైనను పొందవలెను. నీటి సంగతి ఇంతకంటె సులువు. బుడగలు పైకి తన్నుకొనివచ్చునట్లు తెర్లిన నీటిలో ఎ గాని ఇ గాని మిగులవు.

బి వైరసు కథ దీనికి భిన్నము. కొవ్వుపొర గల వైరసులలో పెక్కు ఎండిన వెంటనే చచ్చును. బి వైరసు ఈ నియమమునకు లొంగలేదు. 1981లో అమెరికా శాస్త్రజ్ఞులు ఈ వైరసు గల రక్తరసమును ఎండబెట్టి, 25 డిగ్రీల వేడిమిలో, నూటికి 42 వంతుల ఆర్ద్రతలో ఒక వారముంచి, తిరిగి తడిపి చింపాంజీకి ఎక్కించిరి. దానికి రోగము వచ్చెను. నేటికిని వైద్య గ్రంథములలో "బి వైరసు ఏడు దినములు నిలుచును" అని కనబడు వాక్యమునకు మూలమిదే. ఆ వాక్యమును సరిగా చదువవలెను. ఎనిమిదవ దినమున వైరసు చచ్చినదని ఆ ప్రయోగము చెప్పలేదు. ఏడవ దినముతో ప్రయోగము ఆగినదంతే. కావున "కనీసము ఏడు దినములు" అనవలెను. పాఠములు చెప్పునపుడు ఈ "కనీసము" అను మాట జారిపోవుట కద్దు.

దీనికి తోడు ఈ వైరసు సంఖ్యాబలము అపారము. కొందరు రోగుల రక్తములో ఒక్క మిల్లీలీటరుకు పది కోట్లకు మించి వైరసులు ఉండును. కంటికి కనబడని రక్తపు జాడ కూడ చాలును. టీకా లేనివారికి ఇట్టి రోగికి వాడిన సూది గ్రుచ్చుకొనినచో నూటికి 6 మొదలు 30 మందికి రోగము సోకును. సి వైరసు విషయములో ఆ సంఖ్య ఇంచుమించు రెండు.

ఈ మొండితనమునకు సాక్ష్యము పాతదే. 1883లో జర్మనీలోని బ్రెమెన్ రేవులో 1,289 మంది ఓడపనివారికి మశూచి టీకాలు వేసిరి. ఆ మందు మనుష్యుల పుండ్లనుండి తీసిన రసముతో చేసినది. తరువాతి నెలలలో వారిలో 191 మందికి కామెర్లు వచ్చినవి. అదే రేవులో ఆ మందు తగులనివారికి రాలేదు. 1942లో అమెరికా సైన్యమునకు పచ్చజ్వరపు టీకాలు వేసినపుడు సుమారు 50 వేలమంది సైనికులు కామెర్లతో మంచమెక్కిరి. ఆ టీకామందు చెడకుండ ఉండుటకై కలిపిన మానవ రక్తరసములో బి వైరసు ఉండెను. దానిని ఆనాడు ఎవరును ఎరుగరు. వైరసు ఉపరితలపు మాంసకృత్తు 1965లో బ్లంబర్గు కృషివలన గాని బయటపడలేదు. అందుకు ఆయనకు 1976లో నోబెల్ బహుమానము లభించెను.

డి వైరసును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. అది బి వైరసు పొరను ఎరువు తెచ్చుకొని గాని తిరుగలేదు. బి లేనిచోట డి లేదు.

సి వైరసు విషయములో గ్రంథములు ఒకదానితో ఒకటి సరిపడవు. ఒకచోట 16 గంటలు అని, మరియొకచోట ఆరు వారములు అని, వేరొకచోట 63 దినములు అని కనబడును. విద్యార్థి ఇందులో ఏది నిజమని అడిగినచో, మూడును నిజమే అనవలసివచ్చును. 2007లో ప్రకటింపబడిన ప్రయోగములో ఎండిన రక్తరసమును ఒక చింపాంజీకి ఎక్కించి చూచిరి. ఏడు దినములు, నాలుగు దినములు నిలువయున్న దానివలన రోగము రాలేదు. 16 గంటలు నిలువయున్న దానివలన వచ్చెను. ఇది ఒక్క జంతువుమీద చూచిన ఫలితము. 2005లో ఈ వైరసును కణములలో పెంచు ఉపాయము దొరికిన పిమ్మట, వందల కొలది నమూనాలను పరీక్షించుట సాధ్యమాయెను. అప్పుడు గట్టి వస్తువులపై పడి ఎండిన చుక్కలలో ఆరు వారములవరకు కొంత వైరసు మిగులునని తేలెను.

ఇక 63 దినముల లెక్క సిరంజిది. సిరంజి పిడిని పూర్తిగా నొక్కినను సూది మొదట కొంచెము రక్తము మిగిలిపోవును. గాలి చొరని ఆ చిన్న ఖాళీలో రక్తము తొందరగా ఎండదు. అట్టి ఖాళీ ఎక్కువగా గల సిరంజిలో, చల్లని చోటున, రెండు నెలల తరువాత కూడ వైరసు మిగిలెను. సూది సిరంజికి అతికియుండి ఖాళీ తక్కువగా గల వానిలో అది బహు త్వరగా తగ్గిపోయెను. వైరసు ఒకటే, అది పడియున్న గది వేరు.

ఈ సిరంజి లెక్క కాగితముమీది ముచ్చట కాదు. ఈజిప్టులో నైలునది కాలువలలో దిగు రైతులను పట్టి పీడించు నత్తపురుగుల జ్వరమును వదిలించుటకై 1980 ప్రాంతమువరకు ప్రభుత్వము పల్లెపల్లెకును పోయి అంటిమొనీ సూదిమందు ఇచ్చెను. ఒక్కొక్కరికి పదికి మించిన సూదులు వేయవలసియుండెను. గాజు సిరంజీలను హడావిడిగా ఉడికించి మరియొకరికి వాడిరి. ఆ సంకల్పము మంచిదే, ఆ రోగము తగ్గినది కూడ. కాని అప్పటికి పేరైనను పెట్టబడని సి వైరసు ఆ సూదులవెంట ఊరూర వ్యాపించి, తరువాతి తరమున కాలేయరోగములు ప్రపంచములోకెల్ల ఎక్కువగా గల దేశములలో ఒకటిగా ఈజిప్టును చేసెను. 1989లో గాని ఆ వైరసును గుర్తింపలేదు. మన దేశములో 2009లో గుజరాతులోని మొడాసా ప్రాంతమున సిరంజీలు తిరిగి వాడుటవలన బి వైరసు వ్యాపించి పలువురు మరణించిరి.

ఇంటిలోను, బడిలోను చేయదగిన పనులు ఈ లెక్కలనుబట్టియే నిర్ణయింపవచ్చును. స్పిరిటుతో చేతులు తుడుచుకొనుట ఎ వైరసుకు చాలదు. సబ్బుతో రుద్ది, ధారగా పోసిన నీటితో కడుగవలెను. సబ్బు ఆ వైరసును చంపునని కాదు, చర్మమునుండి ఊడదీసి నీటివెంట పంపును. ఆటస్థలములో ఒక పిల్లవానికి ముక్కు అదిరి నేలమీద రక్తము పడినచో చేతికి తొడుగు వేసికొని, గుడ్డతో తీసి, ఒక పాలు క్లోరిన్ ద్రావకమునకు తొమ్మిది పాళ్లు నీరు కలిపి పోసి, పది నిమిషములు ఉంచి తుడువవలెను. నోరువిప్పిన సంచిలో నెలల తరబడి పడియున్న బ్లీచింగు పొడి వాసన మాత్రమే మిగుల్చుకొనును. దానిలోని క్లోరిన్ ఎప్పుడో గాలిలో కలసియుండును. మంగలికత్తికి ప్రతి మనిషికిని కొత్త బ్లేడు వేయుమని అడుగుట మర్యాదకు లోపము కాదు. ఒకరి పండ్ల కుంచెను వేరొకరు వాడరాదు. ఆసుపత్రులలో సిరంజీలు, శస్త్రములు 121 డిగ్రీల ఆవిరిలో ఒత్తిడితో పావుగంట ఉడికించినచో ఈ అయిదింటిలో ఏదియు మిగులదు.

ఎ, బి వైరసులకు టీకాలు కలవు. బి టీకాను జన్యుపరివర్తన పద్ధతిలో మన దేశమున మొదట తయారుచేసినది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్. అది 1997లో బజారుకు వచ్చెను. నేడు పుట్టిన బిడ్డకు 24 గంటలలోగా తొలిమోతాదు ఇచ్చుచున్నారు. సి వైరసుకు టీకా లేదు. కాని పన్నెండు వారములు మాత్రలు మ్రింగినచో నూటికి 95 మందికి పైగా ఆ వైరసు ఒంటినుండి పూర్తిగా తొలగును. తొలగిన తరువాత ఎ వైరసువలె ఇది రక్షణ మిగిల్చి పోదు; నయమైన మనిషికి అదే పాత సిరంజి మరల తగిలినచో రోగము మరల మొదటినుండి వచ్చును.